కారం లేని ఎరుపు: రోగన్ జోష్ కోసం ఐదు రోజులు

మొదటి రోజు, శ్రీనగర్

మిరపకాయల మీద బతికిన ఇల్లు మాది. మా నాన్న గుంటూరు యార్డులో కమీషన్ వ్యాపారం చేసినన్నాళ్ళూ సీజన్ వస్తే ఇల్లంతా తుమ్ములే. టిక్కీలోంచి, అంటే మిరప బస్తాలోంచి, గుప్పెడు కాయలు తీసి, ఒకటి విరిచి గింజలు చూసి, నాలుక చివర అంటించుకుని రేటు చెప్పేవాడాయన. ఎర్రటి కాయలో కారం ఉంటుంది, తెల్లబడ్డ తాలుకాయకి కారమూ ఉండదు, రేటూ ఉండదు. చిన్నప్పుడే బుర్రకెక్కిన లెక్క ఇది. అందుకే రోగన్ జోష్ అనే కశ్మీరీ మాంసం కూర అంత ఎర్రగా ఉండి కూడా నోరు మండించదని ఎవరైనా చెబితే నాకు నమ్మబుద్ధి కాలేదు.

మా ఆవిడది హనుమకొండ. "మా చపాటా కాయ చూడలేదా? టమాటా లెక్క ఉంటది, రంగే గానీ కారం ఉండదు" అని ఒక్క మాటలో తేల్చేసింది. మా ఇంట్లో చపాటాని కాయ కింద లెక్కేసేవాళ్ళు కాదు. కానీ వరంగల్ చపాటాకి 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చినప్పటి నుంచి ఆ సంగతి ఎత్తే ధైర్యం నాకు లేదు.

అక్టోబరు ఆఖరి వారంలో బయల్దేరాం. హైదరాబాద్ నుంచి ఢిల్లీ, అక్కణ్ణుంచి శ్రీనగర్. విమానం దిగగానే నా ఫోను మూగబోయింది. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములు జమ్మూ కశ్మీర్‌లో పనిచేయవు. మా ఆవిడది పోస్ట్‌పెయిడ్ కాబట్టి ఈ ఐదు రోజులూ నా కబుర్లన్నీ ఆమె చెవి మీదుగానే నడిచాయి.

సాయంత్రం దాల్ సరస్సు ఒడ్డున చలి మొదలైంది. చినార్ ఆకులు అప్పటికే తుప్పు రంగులోకి తిరిగాయి. ఆకలి మీద ఎదురుగా కనిపించిన హోటల్లోకి దూరి రోగన్ జోష్ చెప్పాం. వచ్చింది. ఉల్లిపాయ ముద్ద, టమాటా గుజ్జు, పైన క్రీముతో ఒక సున్నా, దాని మీద కొత్తిమీర. మన హైవే ధాబాలో మటన్ మసాలాకీ దీనికీ తేడా చెప్పమంటే నా వల్ల కాదు. దీనికోసమా రెండు విమానాలెక్కాం అనిపించింది.

రెండో రోజు, పాతబస్తీ

పొద్దున కారెక్కగానే రాత్రి భోజనం సంగతి చెబితే డ్రైవర్ కుర్రాడు నుదురు కొట్టుకున్నాడు. "టమాటరా అంకుల్? అది టూరిస్టుల కోసం. మా అమ్మ ముందు ఆ మాట అనకండి" అని, దాల్ వైపు వెళ్ళాల్సిన బండిని పాతబస్తీ వైపు తిప్పాడు.

ఝీలం మీది పాత వంతెనల్ని కదల్ అంటారు. జైనా కదల్‌కి ఆ పేరు సుల్తాన్ జైనుల్ ఆబిదీన్ వల్ల వచ్చింది. 1420 నుంచి 1470 దాకా ఏలినవాడు. సమర్కంద్ నుంచి, ఇరాన్ నుంచి పనివాళ్ళని రప్పించి శాలువాలు, కాగితం, చెక్కపని ఇక్కడ నాటించాడని చెబుతారు. ఆ వీధుల్లో ఇప్పటికీ రాగి పాత్రల మీద సుత్తి దెబ్బలు వినిపిస్తాయి. లోపల తెల్లగా పూసే తగరాన్ని వాళ్ళు 'కలాయ్' అంటారు. మా అమ్మ ఇత్తడి గిన్నెలకి వేయించిన కళాయి పూత ఇదే. ఆ మాట వీధి చివర కళాయి సాయెబు నోట తప్ప ఈమధ్య ఎక్కడా వినలేదు. ఇక్కడ కొత్త గిన్నె కొన్న ప్రతివాడూ అంటున్నాడు.

కందూర్ దుకాణం దగ్గర ఆగాం. కందూర్ అంటే రొట్టెలు కాల్చేవాడు. గిర్దా అనే గుండ్రటి రొట్టె మీద వేళ్ళతో గీతలు నొక్కి తందూర్ గోడకి కొడతాడు. దాంతో పాటు గులాబీ రంగు ఉప్పు టీ, నూన్ చాయ్. మొదటి గుక్క గంజిలా అనిపించింది. మూడో గుక్కకి ఇంకో కప్పు అడిగాను.

అసలు పని మహారాజ్ గంజ్‌లో. మసాలా దినుసుల పాత బజారు అది. ఒక పెద్దాయన దుకాణంలో రోగన్ జోష్‌కి ఏమేం కావాలని మా ఆవిడ ఉర్దూలో అడిగింది. (ఉర్దూ ఆమెది, నాది సైగలు.) ముందు మిరపకాయలు తీస్తాడనుకున్నాను. ఆయన వెనక డబ్బాలోంచి ఎండిన పూల ముద్దలు తీసి కాగితం మీద పోశాడు. ముదురు మెరూన్ రంగు, కోడిపుంజు తలమీది జుట్టులా మడతలు మడతలుగా ఉన్నాయి.

"మావల్" అన్నాడు.

మా ఆవిడ ఒక ముద్ద చేతిలోకి తీసుకుని, "అయ్యో, ఇది మన సీతజడ గదా!" అంది.

అప్పటికి బతుకమ్మ పండగ అయి నెల దాటిందో లేదో. గునుగు, సీతజడ ఒకే జాతి పూలు. తంగేడు పక్కన వరసలు వరసలుగా పేర్చేవి. ఆ సీతజడనే ఇక్కడ ఎండబెట్టి, నీళ్ళలో మరగబెట్టి, వడగట్టి ఆ ఎర్ర నీళ్ళు కూరలో పోస్తారు. ఆమె ఫోనులో బతుకమ్మ ఫొటో తీసి చూపించింది. ఆయన అద్దాలు సర్దుకుని, ఫోటోని పెద్దది చేసి మరీ చూశాడు.

"ఇన్ని పూలు పెట్టుకుని వండరా?"

"నీళ్ళల్ల విడుస్తం."

పెద్దాయన ఇంకేం మాట్లాడలేదు. అంత మావల్ నీళ్ళ పాలవడం ఆయన ప్రాణానికి ఒప్పినట్టు లేదు.

తర్వాత రతన్ జోత్. ఒక మొక్క వేరు బెరడు. చేత్తో నలిపితే ఊదారంగు పొట్టు రాలుతుంది. "ఇది నీళ్ళకి పలకదు, నూనెకే పలుకుతుంది" అన్నాడు. ఆ రాత్రి మేం దిగిన ఇంటి వంటింట్లో పరీక్ష పెట్టాం. వేడినీళ్ళలో చిటికెడు రతన్ జోత్ వేస్తే నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. చిన్న గిన్నెలో ఆవనూనె వేడి చేసి వేశాం. గింగిరాలు తిరుగుతూ ముందు గులాబీ, తర్వాత కుంకుమ రంగు, నిమిషంలో గిన్నె అడుగు కనబడకుండా పోయింది. పక్క గ్లాసులో మావల్ నీళ్ళు బీట్‌రూట్ రసంలా ఉన్నాయి. నీళ్ళకో ఎరుపు, నూనెకో ఎరుపు. మిరపకాయ ఇంకా రంగంలోకి దిగనే లేదు.

కూర పేరు కూడా ఆ నూనె గిన్నె దగ్గరే అర్థమైంది. పారసీలో రోగన్ అంటే నూనె, కొవ్వు. జోష్ అంటే మరగడం. కొవ్వులో మరిగినది అన్నమాట. రోగన్ అంటే ఎరుపనీ, జోష్ అసలు గోష్త్ అనీ ఇంకొందరంటారు. నా ఓటు మొదటి అర్థానికే. కానీ కూర మీద తేలే ఎర్రటి నూనె తెట్టు చూశాక ఇద్దరి మాటా తీసెయ్యలేం.

మొఘలులు ఢిల్లీ ఎండలు తట్టుకోలేక కశ్మీరుకొచ్చి, వస్తూ వస్తూ ఈ కూర తెచ్చారన్న కథ చాలా మెనూ కార్డుల్లో కనిపిస్తుంది. నాకు అంతగా ఆనదు. అక్బర్ కశ్మీరుని కలుపుకుంది 1586లో. ఇక్కడ షామీరీ సుల్తానుల పాలన 1339లోనే మొదలైంది. పారసీ మాట, పారసీ వంట వచ్చి స్థిరపడటానికి రెండు వందల ఏళ్ళకు పైనే టైముంది. ఇక మిరపకాయ పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో మన దేశానికి చేరింది 16వ శతాబ్దంలో. అంతకు ముందు ఇక్కడ ఏ కూర ఎర్రగా ఉన్నా దానికి పువ్వో వేరో కారణం అయి ఉండాలి. టమాటా వంటింటికి అలవాటైంది ఇంకా తర్వాత. పంజాబీ ధాబాలూ, ఇంగ్లండులోని కర్రీ హోటళ్ళూ దాన్ని ఈ కూరలోకి ఎక్కించాయి. మా మొదటి రాత్రి ప్లేటు ఆ శాఖకి చెందింది.

దుకాణంలో ఇంకో రెండు చూశాను. ఒకటి ప్రాన్. కశ్మీరీ చిన్న ఉల్లి, పొడుగ్గా సన్నగా ఉంటుంది. ముస్లిం ఇళ్ళలో దాన్ని వేయించి ముద్ద నూరి కూరలో వేస్తారు. ప్రాన్ అంటే కూరకి ప్రాణమేలే అని నేను జోకు వేస్తే మా ఆవిడ నవ్వలేదు. రెండోది వర్. మిరపపొడి, వెల్లుల్లి, ప్రాన్, దినుసులన్నీ కలిపి నూరి, గారెలా మధ్యలో చిల్లు పెట్టి ఎండబెట్టిన మసాలా బిళ్ళ. తాడుకి గుచ్చి వేలాడదీస్తారు. చలికాలం కూరలో ఒక ముక్క విరిచి వేస్తే చాలు.

చివరికి మిరపకాయ ఇచ్చాడు. నాన్న చేసినట్టే విరిచి, నాలుక చివర అంటించుకున్నాను. తోలు పల్చన, వాసన తియ్యన. కారం ఆలస్యంగా వచ్చి, పెరట్లో కొత్త కోడలిలా మొహం చూపించి వెళ్ళిపోయింది. మా తేజ కాయ అయితే ఈపాటికి నీళ్ళ బాటిల్ వెతుక్కునేవాణ్ణి.

"చపాటానే" అంది మా ఆవిడ. నేను ఒప్పుకోలేదు, కాదనలేదు.

మూడో రోజు, పెళ్ళి

డ్రైవర్ కుర్రాడి పెదనాన్న కొడుకు పెళ్ళి. పిలవని పేరంటానికి ఎలా వెళ్తామని మేం మొహమాటపడితే, "దూరం నుంచి వచ్చిన మెహమాన్ లేకపోతే పెళ్ళికి కళేముంది" అని తీసుకుపోయాడు. భోజనం కంటే వంట ముందు చూడాలని అడిగాను.

ఇంటి వెనక ఖాళీ స్థలంలో పొడుగ్గా మంట. దుంగలు వరసగా పేర్చి, వాటి మీద రాగి డేగ్‌లు, అంటే పెద్ద వంట గిన్నెలు, నిలబెట్టారు. అటు పదడుగుల దూరంలోనే సెగ తగులుతోంది. వంటవాళ్ళు వాజాలు. పెద్ద వంటవాడు వస్తా వాజా. ఆయన కింద కొడుకులూ మేనల్లుళ్ళూ శిష్యులూ. వాళ్ళ పూర్వీకులు సమర్కంద్ నుంచి వచ్చారని ఆయన చెప్పాడు. ఈ విందు పేరు వాజ్వాన్. ముప్పై ఆరు వంటకాలని లెక్క చెబుతారు.

చెవికి ముందు పట్టేది దంపుడు చప్పుడు. ఇద్దరు కుర్రాళ్ళు రాయి మీద మాంసం పెట్టి కొయ్య సుత్తులతో ఒక తాళంలో కొడుతున్నారు. మా ఊళ్ళో అటుకులు దంచేవాళ్ళు ఇట్లాగే ఒకరి తర్వాత ఒకరు వేసేవారు. మధ్యలో ఒకడు తెల్లటి నరం పోగు కనబడితే గోటితో పట్టి లాగి పారేసి మళ్ళీ కొట్టాడు. పోగన్నదే లేకుండా, వెన్నలా అయ్యేదాకా కొవ్వు కలుపుతూ కొడతారు. దాంతో రిస్తా, గోష్తాబా ఉండలు చేస్తారు. రిస్తా ఎర్ర పులుసులో, గోష్తాబా తెల్లటి పెరుగు పులుసులో.

రోగన్ జోష్ డేగ్ దగ్గర వస్తా వాజా నాకు ఓపిగ్గా చూపించాడు. గొర్రె మాంసమే, కొవ్వు పట్టిన ముక్కలు. ముందు నీళ్ళలో ఉడికించి పైకి తేలిన నురగ తీసేస్తారు. ముక్కలు వేరు, ఆ రసం వేరు. వడగట్టిన రసం వరసలో ఉన్న డేగ్‌లన్నింటికీ పంచాలి కాబట్టి ఒక మనిషి దాని కాపలాకే ఉన్నాడు. తర్వాత కొవ్వులో ప్రాన్ ముద్ద, వెల్లుల్లి నీళ్ళు, మిరపపొడి కలిపిన నీళ్ళు, ఏలకులు, లవంగం, దాల్చినచెక్క. ముక్కలు, రసం. చివర్లో మావల్ నీళ్ళు. పోస్తున్నప్పుడు చూశాను. గోధుమరంగులో ఉన్న పులుసు అంచు నుంచి లోపలికి ఎర్రబారుతూ వచ్చింది, పారాణి పాదం మీద పాకినట్టు. ఉల్లిపాయ ముక్క లేదు, చిక్కదనం కోసం ఏ ముద్దా లేదు. గరిటెతో పులుసు ఎత్తి వదిలితే నీళ్ళలా జారింది. పైన మాత్రం వేలెడు నూనె.

"కారం ఎంత?" అని అడిగాను. అలవాటు పోదు కదా.

"రంగుకి ఎంత కావాలో అంత" అన్నాడు.

గుంటూరు యార్డులో ఈ మాట ఎవరైనా అంటే ఆ రోజు బేరం జరగదు.

భోజనాలకి గుడారం కింద తివాచీ మీద నలుగురేసి కూర్చున్నాం. ముందు ఒకతను రాగి చెంబూ పళ్ళెంతో వచ్చి కూర్చున్న చోటే చేతులు కడిగించాడు. తర్వాత త్రామీ. నలుగురికీ కలిపి ఒకటే పెద్ద రాగి పళ్ళెం, మూత తీస్తే అన్నం గుట్ట, దాని మీద సీఖ్ కబాబులు, వేయించిన పక్కటెముకల తబక్ మాజ్, ఒక కోడి కూర. ఎవరి ముందున్న భాగం వాళ్ళది. ముగ్గురు పరాయివాళ్ళతో ఒకే కంచంలో తినడం నాకు అదే మొదలు. అందులో ఒకాయన ఎముక లేని ముక్క ఏరి నా వైపుకి తోశాడు. ఏమనాలో తెలియక దణ్ణం పెట్టాను.

కొద్దిసేపటికి వాజా కుర్రాడు డేగ్‌చా పట్టుకుని వంగి ఒక్కో మనిషి ముందు ఒక్కో ముక్క రోగన్ జోష్ వేసి, గరిటెడు పులుసు అన్నం మీద పోశాడు. ఎర్ర నూనె గింజ గింజకీ పట్టింది. నోట్లో పెట్టుకున్నాను. నాలుక మంట కోసం కాచుకుని ఉంది. రాలేదు. ప్రాన్ తీపి వచ్చింది, వెనకాల వెల్లుల్లి, మింగాక గొంతులో లవంగం వేడి. ముక్క ఎముక నుంచి దానంతటదే విడిపోయింది. కళ్ళు మూసుకుని తింటే ఈ కూర ఎర్రగా ఉంటుందని ఎవరూ అనుకోరు.

తర్వాత వరసగా వస్తూనే ఉన్నాయి. పద్నాలుగు దాకా లెక్కపెట్టి మానేశాను. గోష్తాబా వచ్చిందంటే విందు ముగిసినట్టే. దాన్ని వద్దనకూడదట. మిగిలిన మాంసం ఎవరిది వాళ్ళు ఇంటికి తీసుకుపోవడానికి క్యారీబ్యాగులు కూడా ఇచ్చారు.

ఆడవాళ్ళ గుడారంలో మా ఆవిడని "మీ పెళ్ళిళ్ళలో ఏం పెడతారు" అని అడిగారట. పప్పు దగ్గర్నుంచి పెరుగు దాకా ఆమె ఏకరువు పెట్టిందట. అంతా విని, "అందులో మాంసం ఎన్ని రకాలు?" అని ఒకావిడ అడిగిందట. రెండు అంటే జాలిపడి ఇంకో తబక్ మాజ్ వేశారట.

నాలుగో రోజు, పాంపోర్

రాత్రి తిన్నది ఇంకా కడుపులోనే ఉంది. శ్రీనగర్ దాటి జమ్మూ హైవే మీద కొద్ది దూరం వెళ్తే పాంపోర్. కుంకుమపువ్వు నేలకి జానెడు ఎత్తున ఊదారంగులో పూసింది. ఎండ ముదరక ముందే కోసేస్తారు. ఒక్కో పువ్వులో మూడే ఎర్ర పోగులు. కిలో కావాలంటే లక్షన్నర పూలు కొయ్యాలి. మా ఆవిడ ఒక పువ్వు విప్పి మూడు పోగులూ అరచేతిలో పెట్టుకుని, "దీనికంటే పత్తి ఏరుడు నయం" అంది. వాజ్వాన్‌లో దీన్ని కొన్ని కూరల్లో కొద్దిగా వాడతారు. మేం ఒక్క గ్రాము డబ్బీ కొని, కహ్వా అనే కశ్మీరీ టీ తాగి వెనక్కి వచ్చాం.

సాయంత్రం డ్రైవర్ కుర్రాడి అమ్మ మమ్మల్ని ఇంటికి పిలిచి, మర్నాడు జమ్మూలో పండిట్ల (కశ్మీరీ హిందువుల) ఇంట్లో భోజనం చేస్తామంటే ఆసక్తిగా అడిగింది. "వాళ్ళు ప్రాన్ వెయ్యరు. అది లేకుండా రుచి ఎట్లా వస్తుందో, కనుక్కుని ఫోన్ చెయ్యి." పొద్దున బయల్దేరేటప్పుడు కందూర్ దగ్గర డజను గిర్దాలు కొనిచ్చి, "అక్కడివాళ్ళకి ఇవి ఇవ్వండి" అన్నాడు కుర్రాడు.

ఐదో రోజు, జమ్మూ

శ్రీనగర్ నుంచి కట్రాకి వందే భారత్. దాదాపు మూడు గంటలు, అందులో చాలాసేపు సొరంగాలే. చీనాబ్ వంతెన నది మీద 359 మీటర్ల ఎత్తు. ఫోన్లు పట్టుకుని అందరూ కిటికీల మీద పడేలోపు దాటిపోయింది. కట్రా ప్లాట్‌ఫారం మీద దిగితే చెవిన పడ్డ మొదటి మాట "లడ్డూ డబ్బా నీ దగ్గరుందా". వైష్ణోదేవికి వచ్చిన మనవాళ్ళే. అక్కణ్ణుంచి టాక్సీలో జమ్మూ.

మా అబ్బాయి ఆఫీసులో పనిచేసే కుర్రాడి అమ్మానాన్నలది కశ్మీరీ పండిట్ల కుటుంబం. 1990లో శ్రీనగర్ వదిలి వచ్చి ఇక్కడ ఉండిపోయారు. ఆ సంగతి వాళ్ళు ఒక్క వాక్యంలో చెప్పారు. మేమూ తవ్వలేదు.

ఆవిడ మమ్మల్ని వంటింట్లోనే కూర్చోబెట్టింది. ఆవనూనె పొగ వచ్చేదాకా కాచి, మంట తగ్గించి, ఇంగువ నీళ్ళు చిలకరించింది. లవంగాలు, నల్ల ఏలకులు. ఆపైన ముక్కలు, ఉప్పు. అక్కణ్ణుంచి ముప్పావు గంట పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. ముక్కల్లోని నీరు ఇంకి గిన్నెకి అంటుకుంటుంది. గరిటె అంచుతో గీరి, రెండు చెంచాల నీళ్ళు చల్లి మళ్ళీ ఇంకనిస్తుంది. ప్రతిసారీ రంగు ఒక మెట్టు ముదిరింది. పెరుగు చిలికి పోసి విరక్కుండా ఆపకుండా తిప్పింది. మిరపపొడి నీళ్ళలో కలిపి పోసింది. తర్వాత రెండు పొడులు. ఒకటి సోంపు. రెండోది "సోంఠ్" అంది. మా ఆవిడ వాసన చూసి "సొంఠే" అంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు.

"కొందరు రతన్ జోత్ వేస్తారు. నేను వెయ్యను. ఇంత గీరాక రంగు దానంతటదే వస్తుంది."

ప్రాన్ మాట అడిగాం. "ఉల్లి, వెల్లుల్లి పడితే అది వేరే కూర. బాగానే ఉంటుంది, కానీ రోగన్ జోష్ కాదు." శివరాత్రికి, వాళ్ళు హేరత్ అంటారు, ఈ కూర వాళ్ళింట్లో తప్పనిసరట. శివరాత్రికి మాంసమా అని నేను అనబోయి ఆగాను. మా ఇంట్లో ఆ రోజు మంచినీళ్ళు తాగినా నాయనమ్మ కళ్ళెర్రజేసేది.

అన్నంలో కలిపితే ముందు సోంపు, వెంటనే సొంఠి ఘాటు. పెళ్ళిలో తిన్నదాని కంటే చిక్కన, ఎరుపులో కాస్త గోధుమ కలిసింది. రెండింట్లో ఏది అసలుదని అడిగితే నేను చెప్పను. రెండోసారి వడ్డించుకుంది మాత్రం ఇక్కడ. చెవులు వేడెక్కింది సొంఠికే గానీ మిరపకి కాదు.

మా బ్యాగులో ఉన్న గుంటూరు కారం డబ్బా తీసి చూపించాను. ఆవిడ వేలితో అద్దుకుని నాలుకకి రాసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇది కూరకా, దొంగలకా?" అంది. మా ఆవిడ వారం రోజుల్లో అంతగా నవ్వింది అప్పుడే.

వచ్చేటప్పుడు గిర్దాల పొట్లం గుర్తొచ్చి ఇచ్చాం. అంతసేపూ వంట గురించి గలగలా మాట్లాడిన మనిషి పొట్లం విప్పి ఒక రొట్టెని ముక్కుకి దగ్గరగా పెట్టుకుని ఆగిపోయింది. "ఏ కందూర్?" అని అడిగింది. జైనా కదల్ దగ్గర అని చెప్పాం. వాళ్ళాయన్ని పిలిచి కశ్మీరీలో ఏదో అంది. ఆయన వచ్చి ఒకటి తుంచి నోట్లో వేసుకున్నాడు. ఆవిడ మిగతావాటిలో నాలుగు గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పై అరలో, ఆయన చెయ్యి అందని చోట పెట్టింది.